చెవికి అందని చప్పుళ్లు



ఈ ప్రసంగం రికార్డు చేసే గది చాలా చిన్నది. గోడలకు మెత్తలు, నేలకు తివాచీ. తలుపు వేస్తే పెట్టెకు మూత పెట్టినట్టు ఉంటుంది. ఫ్యాను కూడా ఆపేశారు. అద్దానికి అవతల ఇంజనీరు గారు ఎర్రదీపం వెలిగించి, ఇక కానివ్వండి అన్నట్టు తల ఊపారు. ఆయన తల ఊపడానికీ నేను నోరు తెరవడానికీ నడుమ ఒక్క క్షణం గడిచింది. ఆ క్షణంలో ఈ గదిలో చీమ చిటుక్కుమన్నా వినిపించేది.

ఇప్పుడు ఒక చిన్న ఊహ. నా ఎదురుగా, ఈ బల్ల మీద, ఒక టమాటా కుండీ ఉందనుకోండి. నాలుగు రోజులుగా దానికి ఎవరూ నీళ్లు పోయలేదనుకోండి. ఈ ప్రసంగం దాదాపు ఇరవై నిమిషాలు సాగుతుంది. ఈలోగా ఆ మొక్క ఎంత లేదన్నా పదకొండు, పన్నెండు సార్లు చప్పుడు చేస్తుంది. అదీ గుసగుసగా ఏం కాదు, మనం ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునేంత గట్టిగా. అయినా నాకు వినపడదు. ఇంజనీరు గారికి వినపడదు. మనిషి గొంతు కోసం పెట్టిన ఈ మైకుకు దాని సంగతే పట్టదు. ఇక మీ రేడియో దాకా ఎక్కడ వస్తుంది?

ఇది కథ అనుకునేరు. కొలిచి చెప్పిన లెక్క. ఇజ్రాయెల్‌లోని టెల్ అవీవ్ విశ్వవిద్యాలయంలో లిలాక్ హడానీ అనే శాస్త్రవేత్త, ఆమె బృందం 2023 మార్చిలో 'సెల్' అనే పత్రికలో ప్రకటించిన పరిశోధన ఇది. వాళ్లు ప్రధానంగా ఎంచుకున్న మొక్కలు రెండు, టమాటా, పొగాకు. రెండూ మనకు బాగా దగ్గరివే. టమాటా అంటే మదనపల్లె మార్కెట్టు గుర్తుకొస్తుంది, పొగాకు అంటే ఒంగోలు బ్యారన్లు గుర్తుకొస్తాయి. మన రైతులు ఏళ్ల తరబడి పక్కనే నిలబడి పెంచిన ఈ రెండు మొక్కలూ ఇన్నాళ్లూ మనకు వినపడని చప్పుడేదో చేస్తూనే ఉన్నాయన్నమాట.

వాళ్లు చేసింది ఇదీ. బయటి శబ్దం లోపలికి రాని పెట్టెలో మొక్కను పెట్టారు. దానికి జానెడు దూరం కూడా లేకుండా, పది సెంటీమీటర్ల ఎడంలో, మైకులు అమర్చారు. అవి గబ్బిలాల కూతలను సైతం పట్టగల మైకులు. కొన్ని మొక్కలకు నీళ్లు ఆపేశారు. కొన్నింటికి కాండం కోశారు. కొన్నింటిని శుభ్రంగా నీళ్లు పోసి అలాగే వదిలేశారు. హాయిగా ఉన్న మొక్క గంటకు ఒక్క చప్పుడైనా చెయ్యలేదు. నీళ్లు లేని టమాటా సగటున గంటకు 35 చప్పుళ్లు చేసింది. నీళ్లు లేని పొగాకు మొక్క 11 చేసింది. కాండం కోసిన టమాటా 25, కోసిన పొగాకు 15. ఆ చప్పుళ్లను మన చెవికి పట్టేలా కిందికి దించి వినిపిస్తే, మంగలంలో పేలాలు వేయిస్తున్నట్టు ఉంది. ఒకటి చిటుక్కుమంటుంది, కాసేపు ఆగుతుంది, మళ్లీ ఒకటి.

మరి మనకెందుకు వినపడదు? శబ్దం అంటే గాలిలో పుట్టే కంపనం. సెకనుకు 20 కంపనాల నుంచి 20 వేల కంపనాల దాకానే మన చెవి పట్టుకుంటుంది. వయసు పైబడితే ఆ పైహద్దు ఇంకా కిందికి జారుతుంది. టమాటా చప్పుడేమో సెకనుకు 40 వేల నుంచి 80 వేల కంపనాల నడుమ ఉంటుంది. మన ఇంటి కప్పుకంటే ఎత్తున ఎగిరే గాలిపటం లాంటిది. అది ఉంది, మన చేతికి అందదు, అంతే.

ఆ చప్పుడు ఎక్కడి నుంచి వస్తుందో కూడా చెబుతాను. మొక్క వేరు నుంచి ఆకు దాకా నీటిని పైకి లాగే సన్నని గొట్టాలు కాండంలో ఉంటాయి. మనం కొబ్బరిబొండాంలో గొట్టం వేసి పీల్చినట్టు, ఎండకు ఆకులు నీటిని ఆవిరి చేస్తూ కింది నుంచి పీలుస్తుంటాయి. నేలలో తడి ఉన్నంతకాలం సజావుగా సాగుతుంది. తడి తగ్గితే పీల్పు ఎక్కువై, లోపలి నీటి తీగ బిగుసుకుపోయి, ఒకచోట తెగి గాలి బుడగ పుడుతుంది. ఆ బుడగ పుట్టి, పెరిగి, పగిలేటప్పుడు టక్కుమంటుందని పరిశోధకుల అంచనా. కాండానికి పరికరం ఆనించి ఈ టక్కులను వినడం శాస్త్రవేత్తలకు పాత విద్యే. అవి గాలిలోకి వచ్చి, మూడు నాలుగు మీటర్ల దూరం దాకా ప్రయాణిస్తాయని, వింటే మొక్క పరిస్థితి తెలుస్తుందని చెప్పింది మాత్రం ఈ బృందమే.

రాయలసీమ రైతు దీన్నే 'చేను బెట్టకొచ్చింది' అంటాడు. ఆకు ముడుచుకోవడం, మొక్క తల వాల్చడం చూసి ఆ మాట అంటాడు. ఈ ప్రయోగంలో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. ఆకు వడలక ముందే, కంటికి తేడా ఏమీ తెలియక ముందే, చప్పుళ్లు మొదలయ్యాయి. రోజులు గడిచేకొద్దీ పెరుగుతూ వచ్చి, అయిదో రోజుకు ముమ్మరమయ్యాయి. ఆ తరువాత మొక్క ఎండిపోతుంటే, అవీ సన్నగిల్లిపోయాయి. పూర్తిగా ఎండిన మొక్కలో తెగడానికి నీటి తీగే మిగలదు కదా. అంటే కంటికంటే చెవికి ముందు తెలుస్తుంది, తగిన చెవి ఉంటే. కంప్యూటరుకు ఈ చప్పుళ్లు నేర్పితే, దాహంతో ఉన్న మొక్క ఏదో, కోత పడ్డ మొక్క ఏదో పదింటిలో ఏడుసార్లు సరిగ్గా చెప్పింది. రేపు ఎప్పుడైనా పొలంలో ఒక మైకు నిలబెట్టి, ఏ మడికి ముందు నీళ్లు పెట్టాలో తెలుసుకునే రోజు రావచ్చు. బోరు కింద సాగు చేసేవాడికి చుక్క చుక్కా లెక్కే కాబట్టి, అది చిన్న సంగతేమీ కాదు.

సరే, మనకు వినపడదు. ఇంకెవరికైనా వినపడుతుందా? ఇదీ తరువాతి ప్రశ్న. 2025లో అదే విశ్వవిద్యాలయం నుంచి జవాబు వచ్చింది.

పొగాకు లద్దె పురుగు పేరు వినని రైతు మన దగ్గర ఉండడు. పొగాకు, మిరప, పత్తి, వేరుశనగ, ఏదీ వదలదు. రాత్రికి రాత్రి ఆకును జల్లెడ చేసేస్తుంది. దానికి దాయాది ఒకటి ఈజిప్టు, ఇజ్రాయెల్ వైపు ఉంది. వీళ్లు పరీక్షించింది ఆ దాయాది రెక్కల పురుగుని. ఈ జాతి పురుగులకు చెవులున్నాయి, అదీ ఛాతీ మీద. గబ్బిలం వేటాడటానికి వేసే కూతను విని తప్పుకోవడానికి ఆ చెవులు పనికొస్తాయి. గబ్బిలం కూత ఎక్కడుందో, దాహం వేసిన టమాటా చప్పుడూ సుమారు అక్కడే ఉంది. ఇంకేం, పురుగు వినగలదు.

ఆడ పురుగు గుడ్లు పెట్టడానికి మంచి మొక్క వెతుక్కుంటుంది. పుట్టిన పిల్లలు తినేది ఆ ఆకునే కాబట్టి, ఎంపికలో పొరపాటు చేస్తే పిల్లల కడుపు మాడుతుంది. పరిశోధకులు రెండు టమాటా మొక్కలు పక్కపక్కన పెట్టారు. రెండూ నవనవలాడుతున్నవే. ఒకదాని పక్కన చిన్న స్పీకరు పెట్టి, ఎండుతున్న మొక్క చప్పుళ్లు వినిపించారు. పురుగులు ఎక్కువగా చప్పుడు లేని మొక్క మీదే గుడ్లు పెట్టాయి.   ఇందులో ఇంకో మెలిక ఉంది. మొక్క అంటూ ఏదీ లేని ఖాళీ పెట్టెలో ఒక మూల ఈ చప్పుడు వినిపిస్తే, పురుగులు ఎక్కువగా చప్పుడున్న మూలనే గుడ్లు పెట్టాయి. వినికిడి పోగొట్టిన పురుగులకు మాత్రం ఆ మూలా మిగతా చోటూ ఒకటే అయ్యాయి. అంటే చూసో, వాసన పట్టో కాదు, చెవితోనే తేల్చుకున్నాయి. ఏమీ లేనిచోట ఆ చప్పుడు 'ఇక్కడ మొక్క ఉంది' అన్న కబురు. మంచి మొక్క పక్కనే ఉన్నప్పుడు అదే చప్పుడు 'ఇది బాగాలేదు' అన్న కబురు. ఒకే మాటకు సందర్భాన్ని బట్టి రెండు అర్థాలు చెప్పుకోవడం మన ఒక్కరికే వచ్చు అనుకుంటాం కదా!

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. టమాటా చప్పుళ్ల పరిశోధన బయటికి రాగానే, మొక్కలు ఏడుస్తున్నాయి, అరుస్తున్నాయి అని వార్తలు వచ్చాయి. ఆ మాట పరిశోధకులు అనలేదు. తలుపు కిర్రుమంటే తలుపు బాధపడుతోందని మనం అనుకోం. బందు తుప్పు పట్టింది, అందుకే కిర్రుమంది. కానీ ఆ కిర్రు విని వాకిట్లో కుక్క మొరుగుతుంది, నిద్రలో ఉన్న మనిషి లేస్తాడు. చెప్పాలన్న ఉద్దేశం లేకపోయినా చప్పుడు కబురు మోస్తుంది. మొక్క చప్పుడు ప్రస్తుతానికి ఆ కిర్రు లాంటిది. మన మాటలు తీసుకుపోయి దాని నోట్లో పెట్టకూడదు.

ఈ జాగ్రత్త మనకు కొత్త కాదు. నూటపాతికేళ్ల కిందట జగదీశ్ చంద్రబోస్ మొక్కల చలనాన్ని, అవి వేడికీ విషానికీ స్పందించే తీరును తన సొంత పరికరాలతో గీత గీయించి చూపించాడు. వెంట్రుకవాసి ఎదుగుదలను కూడా ఎన్నో రెట్లు పెద్దది చేసి చూపే యంత్రం తయారు చేశాడు. కొందరు ఆయన్ని ఋషిని చేశారు, కొందరు నమ్మలేదు. ఆయన పనిలో గట్టిది ఏదంటే ఆ గీతే. మొక్కకు ఏమనిపిస్తోందో చెప్పడం కాక, మొక్క ఏం చేస్తోందో కొలిచి చూపడం.

చప్పుడు చెయ్యడమేనా, మొక్క వినగలదా అని కూడా హడానీ బృందం చూసింది. 2019లో, సముద్రపు ఒడ్డున పెరిగే ఒక పసుపురంగు పూలమొక్కకు తేనెటీగ రెక్కల చప్పుడు వినిపించారు. మూడు నిమిషాల్లో పువ్వులోని మకరందం మరింత తియ్యనైంది. పువ్వును గాజు సీసాతో కప్పి శబ్దం తగలకుండా చేస్తే ఆ మార్పు రాలేదు. గిన్నెలా విచ్చుకున్న ఆ రేకులే చెవి పని చేస్తున్నాయని వాళ్ల అనుమానం.

ఇక మన చెవికి పైనున్న శబ్దాలు వదిలి, కిందనున్న శబ్దాల దగ్గరికి వద్దాం. సన్నవాటి నుంచి బొంగురువాటికి. అంటే ఏనుగు దగ్గరికి.

చిత్తూరు జిల్లాలో పలమనేరు, కుప్పం వైపు ఉన్న శ్రోతలకు ఏనుగు గురించి నేను చెప్పబోవడం తాతకు దగ్గులు నేర్పినట్టే అవుతుంది. రాత్రి చెరకుతోటలో, అరటితోటలో ఏనుగులు పడితే తెల్లారేసరికి ఏం మిగులుతుందో వాళ్లకు తెలుసు. ఇంకో సంగతీ వాళ్లు చెబుతారు. అంత పెద్ద మంద, అంత చీకట్లో, గొంతెత్తకుండా ఒక్కసారిగా కదులుతుంది, ఒక్కసారిగా ఆగుతుంది. ఎవరు చెప్పినట్టు?

1984లో కేటీ పేన్ అనే అమెరికా పరిశోధకురాలు పోర్ట్‌లాండ్ జంతుప్రదర్శనశాలలో ఏనుగుల దగ్గర నిలబడింది. అప్పటిదాకా ఆమె పని తిమింగిలాల పాటల మీద. ఏనుగులు నిశ్శబ్దంగానే ఉన్నాయి, కానీ ఆమెకు గాలి అదురుతున్నట్టు అనిపించింది. చిన్నప్పుడు చర్చి గాయకబృందంలో పాడుతూ, పెద్ద ఆర్గన్ గొట్టం పక్కన నిలబడినప్పటి అదురు ఆమెకు గుర్తొచ్చింది. మనకైతే జాతరలో పెద్ద డోలు పక్కన నిలబడ్డప్పుడు శబ్దం చెవికంటే ముందు గుండెకు తగులుతుంది చూడండి, అలాంటిది. రికార్డరు తెచ్చి, టేపును వేగంగా తిప్పి చూస్తే, నిశ్శబ్దం అనుకున్నదంతా సంభాషణ. ఏనుగుల గొంతులో మన చెవి కిందిహద్దుకు దిగువన నడిచే మాటలు ఉన్నాయి. ఆ ఏనుగులు మన ఆసియా ఏనుగులే.

అంత బొంగురు శబ్దం చెట్టూ పుట్టా దాటుకుని చాలా దూరం పోతుంది. దూరాన ఉన్నవాళ్లను పిలవాలంటే మరి ఎవర్ని పిలుస్తున్నామో తెలియాలి కదా? మనమైతే పేరు పెట్టి పిలుస్తాం. 2024 జూన్‌లో వెలువడిన పరిశోధన సరిగ్గా ఈ ప్రశ్న మీదే. కెన్యాలోని సంబురు, అంబోసెలి ప్రాంతాల్లో 1986 నుంచి 2022 దాకా పోగుచేసిన ఆఫ్రికా ఏనుగుల గొంతులు తీసుకున్నారు. మైకేల్ పార్డో అనే శాస్త్రవేత్త, ఆయన తోటివారు 469 పిలుపులను పరిశీలించారు. పిలిచినవి 101 ఏనుగులు, పిలుపు అందుకున్నవి 117. ఏ పిలుపు ఎవరి కోసమో కంప్యూటరుకు నేర్పారు. ఆపైన కొత్త పిలుపు ఇచ్చి, ఇది ఎవరి కోసమో చెప్పమన్నారు. గుడ్డిగా ఊహిస్తే నూటికి 8 సార్లు సరిపోయే లెక్క, 27 సార్లు దాటి సరిపోయింది.

27 అంటే తక్కువే కదా అనొచ్చు. నిజమే, ప్రతి పిలుపులోనూ పేరు ఉండదు. మనమూ ఇంట్లో ప్రతి మాటకూ పేరు వాడం. 'ఏమేవ్' అంటాం, 'ఇటు రా' అంటాం. పేరు ఎప్పుడు వాడతాం? మనిషి కనపడనప్పుడు, వీధి చివర్న ఆడుకుంటున్న పిల్లాణ్ణి భోజనానికి పిలవాల్సినప్పుడు. ఏనుగుల్లోనూ అదే కనిపించింది. దూరం నుంచి పిలిచేటప్పుడు, పెద్దవి గున్నలను పలకరించేటప్పుడు పేరు లాంటి గుర్తు ఎక్కువగా వినిపించింది.

కంప్యూటరు మాట ఒక్కటే నమ్మితే చాలదు, ఏనుగునే అడగాలి. అందుకని 17 ఏనుగులకు రెండు రకాల రికార్డులు వినిపించారు. ఒకటి తనను పిలిచినది, రెండోది అదే ఏనుగు ఇంకొకర్ని పిలిచినది. తనను పిలిచిన గొంతు వినగానే ఏనుగు స్పీకరు వైపు వేగంగా కదిలింది, త్వరగా బదులు పలికింది. వేరేవాళ్లను పిలిచినప్పుడు అంత తొందరపడలేదు. డాల్ఫిన్లు కూడా ఒకదాన్ని ఒకటి పిలుచుకుంటాయి, కానీ అవతలిదాని సొంత ఈల కూతను అనుకరిస్తాయి. ఏనుగుల పిలుపులో అలాంటి అనుకరణ కనపడలేదు. మనం పెట్టుకునే పేర్లలాగే అది వేరే ఎవరో పెట్టిన గుర్తై ఉండొచ్చు. రంగయ్య అన్న పేరుకూ రంగయ్య గొంతుకూ పోలిక ఉండక్కర్లేదు కదా!

మావటివాళ్లు ఏనుగులకు పేర్లు పెట్టడం ఎప్పటినుంచో ఉన్నదే. ఏనుగులే ఒకదానికొకటి పేరు పెట్టుకుంటాయని మనకు తెలియడానికి 2024 దాకా పట్టింది. పైగా అవి మనల్ని వింటున్నాయి. అదే అంబోసెలిలో 2014లో జరిగిన పరిశోధనలో, రెండు తెగల మనుషులతో ఒకే వాక్యం పలికించి, ఏనుగులకు వినిపించారు. అదిగో, అటు చూడండి, ఏనుగుల గుంపు వస్తోంది అన్న అర్థంలో. మాసాయి తెగ మగవాళ్ల గొంతు వినగానే ఏనుగులు దగ్గరదగ్గరగా చేరి, జాగ్రత్తపడ్డాయి. మాసాయి ఆడవాళ్ల, పిల్లల గొంతుకు అంతగా బెదరలేదు. వాళ్ల దగ్గర బల్లెం ఉండదని ఏనుగుకు తెలుసు. మన భాషను, ఆడా మగా తేడాను, మన వయసును అవి అంత శ్రద్ధగా విన్నాయి. మనం వాటిని విన్నది ఎంత?

వినలేదు అనడానికి తాబేలే సాక్షి. తాబేలుకు గొంతు లేదని పుస్తకాల్లో రాసుకున్నాం. స్విట్జర్లాండ్‌లోని జూరిక్ విశ్వవిద్యాలయంలో గాబ్రియెల్ జోర్గెవిచ్ కోహెన్ అనే యువ పరిశోధకుడికి అనుమానం వచ్చింది. ముందుగా తన ఇంట్లో చిన్నప్పటి నుంచి పెంచుకుంటున్న తాబేలు దగ్గరే మైకు పెట్టాడు. అది మాట్లాడింది. 2022లో వెలువడిన ఆ పరిశోధనలో 53 జాతుల జీవుల గొంతులు రికార్డు చేశారు. వాటిలో 50 తాబేళ్లే, అంతవరకూ మూగవని పేరుపడ్డవే. ఊపిరితిత్తులతో శ్వాసించే వెన్నెముక జీవుల్లో గొంతు వాడకం 40 కోట్ల ఏళ్ల నాటి ఒకే పూర్వీకుడి నుంచి వచ్చి ఉంటుందని వాళ్లు లెక్కగట్టారు. ఆ లెక్క మీద ఇంకా వాదోపవాదాలు ఉండొచ్చు. తాబేలు మూగది కాదన్న సంగతి మాత్రం తేలిపోయింది. ఎవరో ఒకరు మైకు దగ్గరగా పెట్టి, ఓపిగ్గా కూర్చుంటే సరిపోయేది. అన్నేళ్లూ ఎవరూ కూర్చోలేదు.

ఓపిగ్గా కూర్చున్నవాళ్ల గురించి చెప్పాలంటే కడప జిల్లాకు రావాలి. కలివికోడి కోసం.

కలివి పొదల మధ్య తిరిగే పిట్ట కాబట్టి కలివికోడి. పేరు కోడే గానీ కోడి కాదు. జానెడు పొడవు దాటిన, పొడుగు కాళ్ల పిట్ట. ఛాతీ మీద రెండు పట్టీలు హారాల్లా ఉంటాయి. నెల్లూరులో వైద్యుడిగా పనిచేసిన థామస్ జెర్డన్ దీన్ని పట్టుకుంటే, 1848లో శాస్త్రలోకానికి తెలిసింది. 1900లో అనంతపురం దగ్గర ఒకసారి కనిపించింది. ఆ తరువాత జాడ లేదు. ఒకటి కాదు రెండు కాదు, ఎనభై ఆరేళ్లు. అంతరించిపోయిందనే చాలామంది అనుకున్నారు.

బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు 1985లో వెతకడం మొదలుపెట్టారు. వాళ్లు చేసిన తెలివైన పని ఏమిటంటే, బొమ్మ పట్టుకుని పల్లెల్లో తిరిగి, ఈ పిట్టను ఎక్కడైనా చూశారా అని అడగడం. అడవిలో రాత్రిళ్లు తిరిగేవాళ్లను, పిట్టలు పట్టేవాళ్లను అడిగారు. 1986 జనవరిలో సిద్ధవటం వైపు రెడ్డిపల్లె దగ్గర, ఐతన్న అనే ఆయన రాత్రివేళ టార్చి వెలుగులో దీన్ని పట్టుకున్నాడు. శాస్త్రం ఎనభై ఆరేళ్లు పోగొట్టుకున్న పిట్ట ఐతన్నకు చూడగానే తెలిసిపోయింది. ఇన్నాళ్లూ అటువైపు అడిగినవాళ్లే తక్కువ. ఆ కబురుతో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది, 1988లో తపాలా బిళ్ల వచ్చింది, తెలుగుగంగ కాలువ దారి మారింది. పిట్ట కోసం కాలువ పక్కకు జరగడం మనదగ్గర మాటలా?

కానీ కలివికోడి కంటికి దొరకదు. రాత్రి తిరుగుతుంది, మనిషి అలికిడికి కదలకుండా నిలబడిపోతుంది. 2000 సంవత్సరం తరువాత పరిశోధకులు దాని కోసం రెండు ఉపాయాలు పన్నారు. పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి, తెల్లారి పాదముద్రలు చూడటం ఒకటి. పిలుపు రికార్డు చేసి, సాయంత్రం వినిపించి, బదులు కోసం చెవులు రిక్కించడం రెండోది. ఆ పని వల్లే పిట్టకు ఎలాంటి అడవి కావాలో తెలిసింది. దట్టమైన అడవి పనికిరాదు, బోడి నేలా పనికిరాదు. హెక్టారుకు 300 నుంచి 700 దాకా పెద్ద పొదలు, వాటి మధ్య నడవడానికి ఖాళీ నేల కావాలి. మన లెక్కల్లో అది బీడు. మందకు మేత, పొయ్యికి కట్టె, కాకపోతే చదును చేసి నిమ్మతోట. అలా చూసే కళ్లకు అక్కడ పిట్ట ఉండటం ఎలా తెలుస్తుంది? ఇప్పుడు లోకం మొత్తం మీద పెద్ద పిట్టలు 250 కూడా ఉండవని అంచనా.

తరువాత మళ్లీ ఏళ్ల తరబడి ఏ కబురూ లేదు. ఈసారి నిజంగానే పోయిందన్నారు. 2025 ఆగస్టులో కొందరు పక్షి ప్రేమికులు ఆంధ్రప్రదేశ్‌లోనే చీకటిపడ్డాక దాని పిలుపు విన్నారు, రికార్డు చేశారు. పిట్టను చూడలేదు, గొంతు విన్నారు. ట్విక్ టూ, ట్విక్ టూ. రెండక్షరాల పిలుపు, రెండు మూడుసార్లు, అంతే. ఒక జాతి ఈ భూమి మీద ఇంకా ఉందని చెప్పడానికి ఆ రెండక్షరాలు సరిపోయాయి.

ఆ పిలుపు ఎప్పుడు పడితే అప్పుడు రాదు. పొద్దు గూకిన ముప్పావు గంటకు మొదలవుతుంది. కొన్ని నిమిషాలు, మహా అయితే ఇరవై నిమిషాలు సాగి ఆగిపోతుంది. సరిగ్గా ఈ ప్రసంగమంత సేపు. ఆ ఇరవై నిమిషాల్లో పక్కన ట్రాక్టరు నడిస్తే పోయింది, ఊళ్లో మైకు మోగితే పోయింది, వెంట ఉన్నవాడు కబుర్లు మొదలుపెట్టినా పోయింది. బండి ఆపి, దీపం ఆర్పి, నోరు మూసుకుని, ముళ్లపొదల మధ్య దోమలు కుడుతున్నా కదలకుండా నిలబడాలి. ఎన్ని పరికరాలు వచ్చినా ఈ ఓపిక మాత్రం మనిషికే ఉండాలి.

అద్దానికి అవతల ఇంజనీరు గారు ఒక వేలు చూపిస్తున్నారు, ఒక్క నిమిషం అని. మొదట్లో ఈ బల్ల మీద పెట్టుకున్నాం చూడండి, ఆ టమాటా కుండీ ఈపాటికి పదకొండోసారో, పన్నెండోసారో చిటుక్కుమని ఉంటుంది. నా కుండీ ఊహలోదే కాబట్టి ఊహలోనే నీళ్లు పోస్తాను. మీ పెరట్లో ఉన్నది నిజంది. రేడియో కట్టేశాక దానికి ఓ చెంబెడు నీళ్లు పోసి రండి.

సెలవు.